సముద్రానికి పొట్టేలు

కిందటి వారం కథలో రామసుబ్బమ్మను బద్వేలు సంతలో ఎండుచేపల గంప ముందు నిలబెట్టి వచ్చాం. పాపం, ఆమె అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయింది. నిలబడి వినగలిగే మాటేనా అది? రేవు నుంచి చేపలు తెచ్చి అమ్ముకునే పోలమ్మ, ఈమె నరసింహ పెళ్ళామని తెలిసిన సంతోషంలో, నాలుగేళ్ళ కిందట అతన్ని అలల్లోంచి లాగి ఒడ్డున వేసింది తన మొగుడేనని చెప్పింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ రోజు మీవాళ్ళు పొట్టేలును కోసి నెత్తురు నీళ్ళలో కలపకుండా ఉంటే సొరచేప అంత దగ్గరికి వచ్చేదే కాదని, తమవాళ్ళు అరిచి అరిచి చెప్పినా ఎవరూ వినలేదని కూడా చెప్పింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుందని ఆమె అనుకుంది.

ఇంట్లో అందరూ అంటే ఎంతమందని. రామసుబ్బమ్మ మేనమామ, ఇప్పుడు మామగారు అయిన ఓబులేసు. ఆయన పెద్దకొడుకు నరసింహ. రెండో కొడుకు వెంకటేశ్వర్లు, ఇంకా మీసం సరిగా రాని పెళ్ళికాని వాడు. అత్తగారు ఎప్పుడో పోయింది. మోకాలి కింద కాలు లేని బావను నేనే చేసుకుంటానని పుట్టింట్లో పట్టుబట్టి, రెండు పూటలు అన్నం మానేసి మరీ ఆ ఇంటికి వచ్చింది రామసుబ్బమ్మ. అలాంటి మనిషికి, ఆ కాలు ఎందుకు పోయిందో ఎండుచేపలు అమ్మే ఆమె చెబితే గాని తెలియలేదు.

పైగా తెల్లవారితే మాఘ పౌర్ణమి. పోయిన నెల ఓబులేసు కొత్త బావిలో నీళ్ళు పడ్డాయి. మొక్కు తీర్చడానికి ఊళ్ళోవాళ్ళు మళ్ళీ సముద్ర స్నానానికి బయలుదేరుతున్నారు. నెల్లూరుకు చెనక్కాయల మూటలు తీసుకుపోయే లారీ దీపాలు పెట్టేవేళకు ఊళ్ళోకి వస్తుంది, అందులో పోవాలని ఏర్పాటు. ఓబులేసు నాలుగేళ్ళుగా పెంచుతున్న నల్ల పొట్టేలు కూడా అందులోనే పోతుంది. ఈసారి అందరికంటే ముందు సముద్రంలో దూకవలసింది వెంకటేశ్వర్లు.

ఇంటికి వచ్చే బస్సులో రామసుబ్బమ్మ నోరు విప్పలేదు. నరసింహ మాత్రం హుషారుగా ఉన్నాడు. చంకకర్ర పైన కొత్త తోలుమెత్త కుట్టించుకోవడానికే అతను ఆ రోజు బద్వేలుకు వచ్చింది. పని బాగా కుదిరింది. పక్కన కూర్చున్న ముసలాయనతో ఎద్దుల సంగతి, వానల సంగతి మాట్లాడుతూ, మధ్యమధ్య పెళ్ళాం వైపు చూస్తున్నాడు. గాజులు కొనిపెట్టలేదని అలిగింది కాబోలు అనుకున్నాడు. మొగవాళ్ళకు తోచే కారణాలు ఎప్పుడూ అలాంటివే.

రోడ్డు మీద బస్సు దిగి, ఎండిన వంక దాటి ఊళ్ళోకి నడవాలి. చంకకర్రతో నడిచినా నరసింహ ఎవరికీ తీసిపోడు. అతనితో అడుగు కలపాలంటే రామసుబ్బమ్మే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని గబగబా నడవాలి. వంకలో మాత్రం ఇసుకకు కర్ర దిగబడుతుంది కాబట్టి అక్కడ ఆమె చెయ్యి అందిస్తుంది. చెయ్యి అందించే ఆ నాలుగడుగులంటే ఇద్దరికీ ఇష్టం. ఆ రోజు కూడా అందించింది. అందించి, దాటించకుండా వంక నడుమ అలాగే నిలబడిపోయింది.

"బావా, ఆ సొర ఎందుకు వచ్చిందో నీకు ముందే తెల్సునా?"

నరసింహకు అబద్ధం చెప్పడం చేతకాదు. చేతకాదు కాబట్టే నాలుగేళ్ళుగా ఎవరు సముద్రం మాట ఎత్తినా అక్కడి నుంచి లేచి పోతున్నాడు. ఇసుకలో లేచి పోవడానికి వీల్లేక పక్కనే ఉన్న బండ మీద కూర్చున్నాడు. తెలుసునని చెప్పాడు. నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు పోలమ్మ మొగుడు చూడటానికి వచ్చి, నాయన లేని సమయం చూసి చెప్పాడట. చేపలు కోసి కడిగే చోట రేవులో చిన్నపిల్లలు కూడా నీళ్ళలో దిగరు. నెత్తురు కలిస్తే సొరకు చాలా దూరం నుంచే వాసన తగులుతుంది. పొద్దు పొడవక ముందు, నీళ్ళు మడ్డిగా ఉన్నప్పుడు అది ఒడ్డుకు మరీ దగ్గరగా తిరుగుతుంది. ఆ వేళల్లో ఎవరూ ఒంటరిగా లోపలికి పోరు. ఆ పొద్దున రేవు వాళ్ళు కేకలు వేసి చెప్పింది ఇదే. మనవాళ్ళేమో, వీళ్ళు పొట్టేలులో వాటా అడుగుతున్నారనుకొని అటు తిరిగి కూడా చూడలేదు.

మనవాళ్ళను ఏమనగలం? ఆ పల్లెల్లో కొత్త బావిలో నీళ్ళు పడితే గట్టున గంగమ్మకు పొట్టేలును కోస్తారు. నెత్తురు నీళ్ళలో పోస్తారు. ఆ ఎర్రనీళ్ళలో ఇంటి మగపిల్లవాడు మొదట దూకి తేలాలి, అప్పుడే మిగిలిన వాళ్ళు దిగుతారు. తాతల నాటి నుంచి అదే పద్ధతి. బావిలో ఉండేది కప్పలూ గుడ్డిచేపలూ. నెత్తురు కలిసినా ఎవరికీ ఏమీ కాదు. గంజి కేంద్రాలు పెట్టిన ఆ కరువులో ఊళ్ళోని బావులన్నీ ఎండిపోతే, అన్ని బావులకూ తల్లి సముద్రమే కదా, అక్కడికే పోయి అడుగుదామని ఓబులేసు అందరినీ కూడగట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అవతలి గట్టు కనపడని నీళ్ళు చూడటం అదే మొదలు. చూసి, ఇన్ని నీళ్ళుండీ ఈ ఊరివాళ్ళు ఒక్క మడి కూడా పారించుకోలేదేమని అడిగాడట. ఆ తరువాత బావి దగ్గర ఏం చేస్తారో అక్కడా అదే చేశాడు.

నరసింహ కూడా బావిలో ఈదినట్టే ఈదాడు. చుట్టుపక్కల పల్లెల్లో అతనంత ఈతగాడు లేడు. బావిలో ఎంత జోరుగా ఈదినా గోడ వస్తుంది, చెయ్యి తగులుతుంది, వెనక్కి తిరుగుతాం. అక్కడ గోడ రాలేదు. వస్తుందేమోనని పోతూనే ఉన్నాడు.

ఇదంతా విన్నాక రామసుబ్బమ్మకు మొగుడి మీద కోపం రావాలి. రాలేదు. నాలుగేళ్ళు ఇంత మాటను కడుపులో పెట్టుకొని ఒక్కడే తిరిగాడే అని జాలి కలిగింది. అయినా జాలిపడి ఊరుకునే సమయం కాదు. ఇప్పుడైనా మామకు చెప్పాలంది. నరసింహ తల అడ్డంగా ఊపాడు.

అతని బాధ వేరు. అప్పుడు కోసిన పొట్టేలుకు ఒక కొమ్ము విరిగి ఉంది. కరువులో అంతకంటే మంచిది దొరకలేదు. అవిటి పొట్టేలును ఇచ్చినందుకు అమ్మవారు తన కొడుకును అవిటివాణ్ణి చేసిందని ఓబులేసు గట్టిగా నమ్మాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన నెలలోనే ఒక మచ్చలేని నల్ల పొట్టేలు పిల్లను కొని తెచ్చాడు. దానికి నానబెట్టిన ఉలవలు తన చేత్తోనే పెట్టాడు, ఎండాకాలం తన కంబళి కింద నీడలో పడుకోబెట్టాడు. ఈసారి తల్లికి కొదవ లేకుండా ఇస్తే వెంకటేశ్వర్లు చల్లగా ఉంటాడని ఆయన ఆశ. ఆ పొట్టేలు ఎంత బలిస్తే ముసలాయన గుండె అంత కుదుటపడింది.

"ఆయప్ప ఇప్పటికే ఒక తప్పు మోస్తాండాడు సుబ్బీ. దాన్ని దించి, ఇంతకంటే పెద్దది నెత్తిన పెట్టమంటావా? ఆ పొద్దు నన్ను ఇసకలో పండుకోబెడితే తలగుడ్డ ఇప్పి కాలికి కట్టినాడు. నా మొగాన ఎండ పడకుండా నెల్లూరు దాకా బండిలో వంగే నిలబడినాడు. ఆ మనిషికి, నీ చేత్తో నువ్వే చేసినావని యా నోటితో చెప్పల్ల?"

రామసుబ్బమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మరి వెంకటేశ్వర్లు సంగతేమని అడిగింది. తమ్ముడికి తాను విడిగా జాగ్రత్త చెప్పానని, మోకాలి లోతు దాటవద్దన్నానని నరసింహ అన్నాడు. ఎందుకు దాటకూడదో చెప్పావా అంది. చెప్పలేదన్నాడు. కారణం చెప్పకుండా జాగ్రత్త చెబితే వింటాడా, ఊరంతా చూస్తుంటే ఆ రోజు నువ్వు విన్నావా అంది.

"ఆ పిల్లోనికి ఇంకా రెండు కాళ్ళుండాయి బావా. మామ మనసు నొస్తాదని వాని కాళ్ళు అడ్డం పెడ్తామా?"

ఆ మాట అన్నాక ఆమెకే భయం వేసింది. ఎంత మెత్తగా అన్నా అది కాలు లేని మనిషితో అనవలసిన మాట కాదు. నరసింహ చంకకర్రకు అంటిన ఇసుక దులుపుకున్నాడు. నీకు చెప్పే ధైర్యం లేకపోతే నేనే చెబుతాలే, నేను ఆయన చెల్లెలి కూతురినే కదా, నన్ను కొట్టినా పడతానని ఆమె అంది. అతను వద్దన్నాడు.

"నీ నోట ఇంటే నాకు కోపమొచ్చి చెప్పించినా అనుకుంటాడు. నేనే చెప్తే, కోపం లేదని తెలుస్తాది."

చెయ్యి చాచాడు. ఆమె పట్టుకొని లేపింది. ఇద్దరూ ఊళ్ళోకి పోకుండా, నేరుగా చేని దారి పట్టారు. మధ్యాహ్నం దాటితే ఓబులేసు ఎక్కడ ఉంటాడో ఊళ్ళో ఎవరినీ అడగక్కర్లేదు. నీళ్ళు పడిన రోజు నుంచి ఆయనకు కొత్త బావి గట్టే ఇల్లు.

గట్టున కూర్చొని ఆయన, ఎద్దులతో నీళ్ళు తోడే కపిలకు మోకు పేనుతున్నాడు. రెండు పురులు పేని, ఒకసారి బావిలోకి తొంగిచూసి, మళ్ళీ రెండు పురులు పేనుతున్నాడు. నీళ్ళు ఎవరైనా ఎత్తుకుపోతారా? అయినా ఆయనకు చూడకపోతే తోచదు. కొడుకూ కోడలూ కనపడగానే అన్నం తిన్నారా అని అడిగాడు. తరువాత చంకకర్రను తీసుకొని కొత్త మెత్తను బొటనవేలితో నొక్కి నొక్కి చూశాడు. తోలు మంచిదే గాని కుట్టు లోపలి వైపుకు వచ్చిందనీ, నడవగా నడవగా చంకలో ఒరుసుకుంటుందనీ గొణిగి, తన పైగుడ్డ అంచు చించి ఆ కుట్టు మీద చుట్టడం మొదలుపెట్టాడు.

రామసుబ్బమ్మ ఆ చేతులు చూడలేక బావి వైపు తిరిగింది. ఇంత ప్రేమగల మనిషికి ఇప్పుడు ఈ మాట చెప్పించడమేనా నేను చేసే మేలు అని ఆమె ప్రాణం కొట్టుకుంది. వద్దులే బావా అనాలనిపించింది. వెంకటేశ్వర్లు గుర్తుకొచ్చి ఊరుకుంది.

నరసింహ నాయన పక్కనే కూర్చున్నాడు. సంతలో పోలమ్మ కనపడిందనే దగ్గర మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా చెప్పాడు. రేవు వాళ్ళు ఎందుకు అరిచారో చెప్పాడు. నెత్తురు వాసన సంగతి చెప్పాడు. పొట్టేలు కొమ్ముకూ తన కాలికీ సంబంధం లేదనీ, ఆ రోజు కొమ్ములు రెండూ ఉన్న పొట్టేలును కోసినా సొర వచ్చేదేననీ చెప్పాడు. గొంతు ఎక్కడా పెంచలేదు. ఎరువు ఎప్పుడు తోలాలో మాట్లాడుకునేటప్పుడు ఆ తండ్రీకొడుకులు ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడాడు. ఓబులేసు గుడ్డ చుట్టడం మాత్రం సగంలోనే ఆగిపోయింది.

అవతల చేలో ఎవరో ఎద్దులను అదిలిస్తున్నారు. ఇది నీకు ఎప్పటి నుంచి తెలుసని ముసలాయన అడిగాడు. ఆసుపత్రిలో ఉన్నప్పటి నుంచి అన్నాడు నరసింహ.

"నాలుగేండ్లు నా పక్కనే కూసోని సంగటి తింటివి గదరా. నా మింద కోపం రాల్యా?"

"వచ్చింది నాయనా. రెండు దినాలు నీతో మాట్లాడల్యా, నీకు గుర్తుండాదో లేదో. నువ్వు నొప్పికి మాట్లాడల్యా అనుకుంటివి. గ్లాసు పట్టుకోని గంజి తాపుతాంటే నీ చెయ్యి వణికి నా గొంతుమిందంతా పడె. తుడిసి, మళ్ళా తాపితివి. అప్పుడే పాయ ఆ కోపం."

ఓబులేసు మొహం పగిలిపోయినట్టయింది. ఆయన ఏడుపు ఆపుకోవాలని ప్రయత్నించలేదు. ఒక విషయం రామసుబ్బమ్మకు పెళ్ళయినప్పటి నుంచీ తెలుసు. మామ ఏ పని మీద ఉన్నా నరసింహ కాలి వైపు మాత్రం చూడడు. స్నానం చేస్తుంటే అటు తిరిగి నిలబడతాడు. పక్కన కూర్చున్నా ఆ వైపు కూర్చోడు. ఆ మనిషి ఇప్పుడు ముందుకు వంగి, పంచె పక్కకు తొలగించి, మోకాలి కింద మడతపడి నున్నగా మానిపోయిన ఆ చోట అరచెయ్యి ఆనించాడు. నొప్పి ఉంటుందా అని అడిగాడు. చలికాలంలో కొంచెం అన్నాడు నరసింహ. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది, ఎవరూ చెప్పని జవాబు. రామసుబ్బమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. అందులో దుఃఖం ఎంతో, తేలిక ఎంతో ఆమెకే తెలియదు. చెప్పించి మంచిపనే చేశాననుకుంది.

కళ్ళు తుడుచుకొని మామ దగ్గరికి వచ్చి కూర్చుంది. ఇంక పొట్టేలు ప్రయాణం మానిపిద్దామంది. గంగమ్మకు పసుపూ కుంకుమా టెంకాయా చాలు, స్నానం కూడా పొద్దెక్కాక, రేవు వాళ్ళు చూపించిన చోట, అందరూ కలిసి మొల లోతు లోపలే చెయ్యాలంది. లారీ రావడానికి ఇంకా పొద్దుంది కాబట్టి ఈలోగా ఊళ్ళోకి పోయి అందరికీ చెబుదామంది. వెంకటేశ్వర్లు అలిగితే తాను సర్దిచెబుతానని కూడా అంది.

ఓబులేసు తల ఎత్తాడు.

"లారీ మధ్యాన్నమే వచ్చె అమ్మీ. మూటలు అనుకున్నదానికంటే బిన్నె ఎత్తేసిరి. అందరూ పాయిరి. వెంకటేశు పొట్టేలును పక్కన పెట్టుకోని మూటలమింద కూసున్న్యాడు."

మరి మీరెందుకు పోలేదని ఆమె అడగలేదు. అడగకుండానే ఆయన చెప్పాడు. తానూ లారీ ఎక్కాడట. పండగపూట నరసింహను వదిలి పోబుద్ధి కాక వంక దగ్గర ఆపించి దిగాడట. కత్తి చిన్నకొడుకు చేతికే ఇచ్చి, ఏం చెయ్యాలో ఒకటికి రెండుసార్లు చెప్పి పంపాడట.

"ఏం చెప్పినావు నాయనా?" అన్నాడు నరసింహ.

ముసలాయన కొడుకు మొహం చూడకుండా బావి వైపు తిరిగి చెప్పాడు.

"పోయినసారి నెత్తురు సగం ఇసకలోనే ఇంకిపాయ గదా, అందుకే తల్లికి చాల్లేదేమో అనుకుంటి. ఈసారి ఒక్క చుక్క నేల పడొద్దురా, కడవకు పట్టి, నువ్వే ఎత్తుకోని రొమ్ము లోతు నీళ్ళలోకి పోయి పొయ్యమంటి. పొద్దు పొడవకముందే పొయ్యమంటి."

నరసింహ అప్పటికే చంకకర్ర అందుకున్నాడు. సముద్రం దిక్కుకు మళ్ళీ తల పెట్టి కూడా పడుకోనని నాలుగేళ్ళ కిందట ఒట్టు వేసుకున్న మనిషి, నెల్లూరు పోయే ఆఖరి బస్సు బద్వేల్లో ఎప్పుడని నాయనను అడుగుతున్నాడు. పొద్దు గుంకేవేళకు ఒకటి ఉందనీ, ఎద్దులను తోలగలిగినంత గట్టిగా తోలితే అందవచ్చుననీ ఓబులేసు అన్నాడు. కపిల ఎద్దులను విప్పి బండి కట్టడానికి పరుగెత్తబోయి, నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి, పసిపిల్లవాడి మొహంతో కోడలిని అడిగాడు.

"అమ్మీ, ఆ చేపలామె ఇంకేమన్నా చెప్పిందా? ఇప్పుడా రేవులో సొరలు ఉండాయంటనా?"

పోలమ్మ చెప్పింది. అమావాస్య నాటి నుంచి రెండు సొరలు ఒడ్డు వదలడం లేదనీ, నిన్ననే ఒకటి వల చించుకొని పోయిందనీ, రేవు వాళ్ళెవరూ మోకాలి లోతుకు కూడా దిగడం లేదనీ చెప్పింది. పొట్టేలు ప్రయాణమే మానిపిస్తాం కదా, ఇక ఇది ఎవరికీ చెప్పే పని పడదని రామసుబ్బమ్మ దాన్ని తనలోనే ఉంచుకుంది. వంకలో మొగుడికి కూడా చెప్పలేదు.

ఆమె మామ మొహం చూసింది. ఆ మొహం ఇంకొక్క మాట కూడా మొయ్యలేదు.

"లేదు మామా, ఏమీ చెప్పల్యా" అంది రామసుబ్బమ్మ. అని, ఎద్దులను విప్పడానికి ఆయన కంటే ముందు తానే పరుగెత్తింది.